లైనింగు విప్పిన బిళ్ల

కూతురి ఇల్లు, వంటగది బల్ల
ఫిబ్రవరి

మరదలికి వదిన రాసేది.

ముందు నీ నడుం ఎలా ఉంది? కూర్చోగలుగుతున్నావా, లేక గోడకి చేరబడే ఉంటున్నావా? మీ ఆయన, అదే మా అన్నయ్య మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఆ పొడిదగ్గు తగ్గిందా? ఇంకా నిద్ర పట్టక గదిలో ఆ మూల నుంచి ఈ మూలకి పచార్లు చేస్తున్నారా? మీ పిల్లి కంటికి చుక్కలు వేస్తున్నారా? నీ కుట్టు మిషను క్షేమమేనా? దాన్ని అడగకపోతే నీకు కోపం వస్తుందని అడుగుతున్నాను.

ఇక్కడ అమ్మాయికి తలనొప్పి, అల్లుడికి బస్సు నడిపి నడిపి మెడనొప్పి. నాకు గుండె దడ. అది మామూలే.

అరవై దాటిన మనిషివి, పై అరలో ఉన్న గుడ్డ కోసం స్టూలు ఎక్కి పడటమేమిటి? దాని కాలు ఊగుతోందని నేను అక్కడికి వచ్చినప్పుడే చెప్పాను. "నీ కళ్లకి అన్నీ ఊగుతూనే కనిపిస్తాయి వదినా" అన్నావు. ఇప్పుడు ఊగింది ఎవరు? డాక్టరుకి చూపించుకున్నావా? ఏమన్నాడు? ఏం రాసి ఇచ్చాడు? అన్నీ రాయి. ఫోన్‌లో అయితే నన్ను ఒక్క మాట పూర్తి చేయనివ్వవు. కాగితమైతే నోరు మూసుకుని చదవక తప్పదు నీకు. అందుకే నా కోడిగీతల రాతతో ఇంత కష్టపడుతున్నాను.

నువ్వు పంపిన పాత బొత్తాలు అందాయి. మీ ఎదురింటి బేకరీ వాళ్ల కేకు పెట్టెలో పెట్టి పంపావేం? కేకు అనుకుని అల్లుడు చెంచా తెచ్చుకున్నాడు. పెట్టె గట్టిగా ఉందని సూదులూ దారాలూ పెట్టుకున్నాను.

వదిన

*

కుట్టు దుకాణం, మేడ మీది గది
ఫిబ్రవరి

వదినకు,

నీ ఉత్తరం అందింది. ఉత్తరమా అది, ఆసుపత్రి గుమ్మం దగ్గర కూర్చోబెట్టి అడిగే ప్రశ్నలా? పిల్లి కన్ను బాగుంది. మిషను బాగుంది. మా ఆయన మోకాళ్లు వాచే ఉన్నాయి, దగ్గు అలాగే ఉంది, నిద్ర లేదు, నన్నూ నిద్రపోనివ్వడు.

డాక్టరు దగ్గరికి వెళ్లాను. మనిషి తల ఎత్తలేదు. నా నడుం నా దగ్గరే ఉండగా దాని గురించి కంప్యూటరుతో మాట్లాడాడు. అతని కోటు చూశాను, భుజం కుట్టు అరంగుళం కిందికి జారి ఉంది. తన భుజం ఎక్కడ మొదలవుతుందో తెలియనివాడు నా వెన్నుపూస ఎక్కడ జారిందో చెప్తాడట. నవ్వు ఆపుకోలేక చచ్చాను, నవ్వితే నడుం నొప్పి.

మందు మాత్రం మంచిది రాశాడు. ఒకే బిళ్ల, రెండు పొరలు. ఒక వైపు తెలుపు, ఒక వైపు గులాబీ. రెండు మందులు కలిపి అతికించారట. ఒకటి నల్లమందు జాతిది, నొప్పి ఉందన్న సంగతి మెదడుకి తెలియనివ్వదు. రెండోది వాపు తగ్గించేది. ఆ రెండోది కొందరి కడుపుకి పడదు అన్నాడు. విరవకుండా, నమలకుండా, భోజనం అయ్యాక మింగమన్నాడు. కొద్ది రోజులే వాడాలన్నాడు. ఇంకా ఏదో అన్నాడు, నేను ఆ భుజం వైపే చూస్తున్నాను.

మింగాను. వదినా, నాకు నడుం అనేది ఒకటి ఉందనే మర్చిపోయాను. ఇన్నేళ్లకి ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. పాటల బృందం వాళ్లు కోట్లు కుట్టమన్నారు, అందరికీ లైనింగుతో సహా. పడిపోయానని తెలిసి, వీధి మూల మీది కుట్టు దుకాణం వాడు "ఆవిడ పనైపోయింది, మాకివ్వండి" అని వాళ్ల దగ్గరికి పరిగెత్తాడట. గొర్రె బొచ్చు కత్తిరించడానికి కూడా పనికిరాని చెయ్యి వాడిది. వాడి ముందు నేను మంచం ఎక్కుతానా?

ఇక నీ గుండె దడ సంగతి. అది దడ కాదు, తీరిక.

మరదలు

*

వంటగది బల్ల
మార్చి

మరదలికి,

నల్లమందు అన్న మాట చదివి చేతిలో గరిటె జారవిడిచాను. నువ్వు ఆ మాట చక్కెర అన్నంత తేలిగ్గా రాశావు. కొద్ది రోజులే అన్నాడని రాశావే, ఆ కొద్ది రోజులు అయ్యాయా, ఇంకా అవుతూనే ఉన్నాయా? మానేటప్పుడు ఎలా మానాలో అడిగావా? ఆయన ఇంకా ఏదో అంటుంటే భుజం చూస్తూ కూర్చున్నావట. ఎందుకు చూడవు? నీకు మనుషులు కనపడరు, వాళ్ల కుట్లే కనపడతాయి. నా పెళ్లిలోనూ మొట్టమొదట నా జాకెట్టు చెయ్యి పట్టుకుని "ఎవరు కుట్టారీ దరిద్రం" అన్నావు. నా మొహం ఎలా ఉంటుందో మర్నాడు చూశావు.

సిగ్గుపడకుండా చెప్పు. కడుపులో మంటగా ఉందా? ఆకలి ఉందా? విరేచనం సరిగ్గా అవుతోందా, ఏ రంగులో అవుతోంది? నవ్వకు. చనిపోయిన మా ఆయన, అదే మీ అన్న కూడా నవ్వాడు. కడుపు మంట అంటే గాలి అన్నాడు, సోడా తాగాడు. నేను డాక్టరు దగ్గరికి పోదామంటే "నీకు పనిలేదు" అన్నాడు. మీ వంశంలో అందరికీ అదొక్కటే తెలుసు, నాకు పనిలేదని. హోటల్లో నీళ్లు చల్లి దుప్పట్లు ఇస్త్రీ చేసి మీ అన్నకి చెప్పులు కొన్న చేతులివి. పనిలేదట.

మీ ఇంట్లో మీ తరంలో మిగిలింది నువ్వొక్కదానివే. నువ్వూ పోతే నన్ను తిట్టేవాళ్లు ఎవరూ ఉండరు. అది ఆలోచించుకుని బిళ్ల మింగు.

అన్నయ్య మోకాళ్లకి వేడినీళ్ల కాపడం పెడుతున్నావా?

వదిన

*

మేడ మీది గది
ఏప్రిల్

వదినకు,

జవాబు ఆలస్యమైంది. కోట్లు సగం అయ్యాయి. నువ్వు రంగుల గురించి అడిగిన ప్రశ్న చదివి, ఉత్తరం మా ఆయనకి కనపడకుండా గుడ్డ తాను కింద దాచాను. చదువుకున్న వాళ్లయితే ఇలాంటివి రాయరు.

బిళ్లలు ఇంకా వేసుకుంటున్నాను. వేసుకోక? మానిన రోజు మిషను ముందు కూర్చోలేకపోయాను. చీటీలో రాసినవి అయిపోయినా డాక్టరు దగ్గరికి మళ్లీ పోలేదు. మందుల షాపు అతని ప్యాంట్లు అన్నీ నేనే పొట్టి చేస్తాను, అతను చీటీ అడగడు.

కడుపు మంట మాట నిజమే, నీ నోట్లో నుంచి వచ్చింది కాబట్టి ఒప్పుకోవాలంటే కష్టంగా ఉంది. ఛాతీ కింద నిప్పు పెట్టినట్టుండేది. అప్పుడు ఆలోచించాను. కడుపుని కాల్చేది వాపు మందు. నాకు కావలసింది నొప్పి మందు. మరి రెండూ ఎందుకు మింగాలి? కోటుకి లైనింగు పాడైతే కోటంతా పారేస్తామా? కుట్లు విప్పే బ్లేడు తీసుకున్నాను. బిళ్లని నిలబెట్టి, రెండు రంగులూ కలిసే గీత మీద బ్లేడు ఆనించి, మెల్లగా నొక్కాను. టక్కుమని రెండూ వేరయ్యాయి. అంచు కూడా రాలలేదు. ఆ కంపెనీ వాళ్లు చూస్తే నన్ను పనిలో పెట్టుకుంటారు.

ఏది ఏదని నువ్వు వణుకుతావని తెలుసు. వాపు ఎలా ఉంటుంది? ఎర్రగా ఉంటుంది. కాబట్టి వాపు మందు గులాబీది. గుడ్డకి దారం నప్పించినట్టే వాళ్లూ రంగుకి రంగు నప్పించారు. ఇంతోటి దానికి డాక్టరు చదువు కావాలా? తెల్లది నేను మింగుతున్నాను. గులాబీది పారేస్తున్నాను.

ఒక్క తెల్లముక్క చాలడం లేదు. జలుబు కూడా పట్టింది. ముక్కు కారుతోంది, ఒకటే ఆవలింతలు, ఒళ్లు చలీ చెమటా. మంట ఇంకా పూర్తిగా పోలేదు, పాతది మిగిలి ఉంటుంది.

మా ఆయన గురించి దిగులుపడకు. హాయిగా నిద్రపోతున్నాడు. కుర్చీలో కూర్చుంటే అక్కడే. పిల్లి ఒళ్లో ఎక్కినా లేవడు. పచార్లు లేవు, సణుగుడు లేదు. పెళ్లయిన ఇన్నేళ్లకి మంచి మొగుడయ్యాడు.

మరదలు

*

వంటగది బల్ల
మే మొదట్లో

మరదలికి,

పారేస్తున్నావా? నువ్వా?

వేలెడు గుడ్డముక్క పారేయవు. ఊడిన దారం నాలుకతో తడిపి మళ్లీ సూదికి ఎక్కిస్తావు. బొత్తాలు కేకు పెట్టెలో పంపిస్తావు. నీ ఇంట్లో చెత్తబుట్ట ఉన్నట్టు నాకు గుర్తు లేదు. నువ్వు డబ్బు పెట్టి కొన్న బిళ్లలో సగం పారేశావంటే, పిల్లి కుట్టుపని నేర్చుకుందన్నా నమ్ముతాను కానీ అది నమ్మను. ఎక్కడ దాచావు? ఎవరికి ఇస్తున్నావు?

నీ తెలివికి నేనొక్కదాన్నే భయపడుతున్నానేమో అనుకుని ఇక్కడి మందుల షాపుకి వెళ్లాను. ఉన్నది పెద్ద చదువు చదివిన పిల్ల. నీ బిళ్ల పేరు చూపించి, ఇందులో గులాబీది ఏ మందు, తెల్లది ఏ మందు అని అడిగాను. "ఎందుకు అమ్మమ్మా?" అంది. మా మరదలు విడదీసింది అన్నాను. పక్కనున్న వాళ్లు నవ్వారు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. "ఏ రంగు ఏదో చూసి చెప్పలేను. ఒక్కో కంపెనీ ఒక్కోలా చేస్తుంది. విడదీస్తే ఎంత సేపటికి ఎంత దిగుతుందో కూడా తెలియదు. ఆవిణ్ని వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లమనండి" అంది.

చదువుకున్న పిల్లకి తెలియదు. నీకు తెలిసింది. దారం నప్పించి తెలుసుకున్నావు! మీ వీధిలో వాళ్లందరికీ గుండె జబ్బుకి ఎర్రబిళ్ల, పచ్చకామెర్లకి పచ్చబిళ్ల నువ్వే ఇవ్వు ఇక, కోట్లు ఎందుకు?

గులాబీవి ఎక్కడున్నాయో రాయి. అన్నయ్య కుర్చీలో నిద్రపోవడం నాకు నచ్చలేదు. ముప్పై ఏళ్లు రాత్రి కాపలా ఉద్యోగం చేసిన మనిషి, నిద్ర పట్టక మంచాన్ని తిట్టేవారు. పిల్లి ఎక్కినా లేవరా? దగ్గు ఎలా ఉంది?

వదిన

*

మేడ మీది గది
మే

వదినకు,

నీకు పోలీసు ఉద్యోగం ఇవ్వాల్సింది, ఇస్త్రీపెట్టె ఇచ్చి పాడుచేశారు.

సరే, పారేయలేదు. బొత్తాల డబ్బాలో వేశాను. మా ఆయనకి ఇస్తున్నాను. తప్పేముంది? వాపు మందు, మోకాళ్ల వాపు. నాకు అక్కర్లేనిది ఆయనకి పనికొచ్చింది. ఒక గుడ్డలో ఇద్దరికి కుట్టడం నాకు కొత్త కాదు. పూటకి ఒకటి ఇచ్చేదాన్ని, ఇప్పుడు ఆయనే అడిగి రెండు తీసుకుంటున్నాడు.

నీ మందుల షాపు పిల్లకి తెలియదంటే నాకూ తెలియకూడదా? నువ్వు అలాంటి వాళ్ల దగ్గరికే వెళ్తావు. నీ భయానికి ఎవరో ఒకరు తల ఊపాలి.

నేను బాగానే ఉన్నాను. తెల్లవి రెండేసి వేసుకుంటున్నాను, ఒక్కోసారి మూడు. మంట ఉంది. నువ్వు అడిగిన రంగు నలుపు, తారులా. నల్లద్రాక్ష తిన్నాను, అందుకే. లేస్తే కళ్లు తిరుగుతున్నాయి, అది కోట్లు వంగి కుట్టడం వల్ల. నిన్న ఒక కోటుకి లైనింగు తిరగేసి కుట్టాను. లోపలికి ఉండాల్సింది బయటికి వచ్చింది. పని నేర్చుకునే పిల్లలు చేస్తే చెయ్యి మీద కొట్టి పంపించేదాన్ని. ఎవరికీ చెప్పకు. మూల మీది వాడికి తెలిస్తే వీధి వీధంతా చాటుతాడు.

ఇక్కడ మా ఆయన నీకు రెండు ముక్కలు రాస్తానంటున్నాడు. కాగితం ఇస్తున్నాను.

చెల్లెమ్మకు,
కులాసా. మోకాళ్లు ఉన్నాయో లేవో తెలియడం లేదు. దూది మీద నడుస్తున్నట్టుంది. మీ మరదలు ఇచ్చే గులాబీ ముక్క మహా గొప్పది. దగ్గు కూడా పోయింది. అన్నం సయించడం లేదు కానీ ఆ బాధ కూడా లేదు. ఎవరు తిట్టినా కోపం రావడం లేదు, మీ మరదలు తిట్టినా. మీరు దిగులు పడకండి. ఇంకా రాద్దామనుకున్నాను కానీ కళ్లు

*

వంటగది బల్ల
మే, బుధవారం పొద్దున

మరదలా,

అన్నయ్య రాసిన ఆఖరి అక్షరం నుంచి గీత కిందికి జారి కాగితం అంచు దాటిపోయింది. అది చూసి అల్లుణ్ని కేకేశాను.

నువ్వు కుట్లే చూస్తావు కదా, చూడు. నిద్ర ఎవరికి వచ్చింది? ఆయనకి. నొప్పి ఎవరికి తెలియడం లేదు? ఆయనకి. దగ్గు ఎవరిది పోయింది? ఆయనది. మరి కడుపు ఎవరిది కాలుతోంది? నీది. నువ్వు తీసేశాననుకున్న మంట నీకు రెట్టింపైంది. నువ్వు ఉంచుకున్నానన్న నిద్ర ఆయన దగ్గరికి పోయింది. నల్లమందు ఆయన మింగుతున్నారు! కడుపు కాల్చేది నువ్వు మింగుతున్నావు, రెండేసి, మూడేసి! తిరగేసి కుట్టింది కోటు ఒక్కటే కాదు.

తారులా నల్లగా అని రాసి, పక్కన ద్రాక్షపండ్లని రాశావు. మీ అన్న కూడా ఏదో తిన్నాననే అన్నాడు. అది రక్తం.

నీ ఉత్తరం పొద్దున్న వచ్చింది. అల్లుడు బస్సు మానేసి ఫోన్ చేస్తూ కూర్చున్నాడు. మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. ఫోన్ అన్నయ్య కుర్చీ పక్కనే కదా ఉంటుంది? అమ్మాయి అంటోంది, దుకాణంలో మిషను చప్పుడుకి వినపడదేమో అని. నీకు ఆ చప్పుడులో పక్క వీధిలో చీర చిరిగినా వినపడుతుంది, నాకు తెలియదా.

ఊరికే నిలబడలేక రాస్తున్నాను. ఈ ఉత్తరం నీకు అందేసరికి ఏమవుతుందో అనుకుంటే భయం, రాయడం ఆపితే ఇంకా భయం. ఇంత తెలివి నీకు ఎందుకు? ఇన్ని కోట్లు ఎందుకు? ఆ భుజం జారిన డాక్టరు విరవద్దని చెప్పాడు, నువ్వే రాశావు. నేను స్కూలు మొహం చూడని దాన్ని, నాకు అర్థమైంది. నీకు కాలేదు.

మళ్లీ మోగుతోంది. ఎత్తు. ఎత్తవే.

అల్లుడు నా సూదుల పెట్టె ఎందుకో చేతిలోకి తీసుకున్నాడు. దారాలన్నీ బల్ల మీద పోశాడు. దాని మూత మీద బేకరీ వాళ్ల ఫోన్ నంబరు ఉందట. ఆపుతున్నాను.

*

ఆసుపత్రి, ఆడవాళ్ల వార్డు, కిటికీ పక్క మంచం
మే ఆఖర్లో

వదినకు,

నీ బుధవారం ఉత్తరం బేకరీ ఆయన తెచ్చి ఇచ్చాడు. చదివాను.

ఆ పూట నేను మిషను మీదికి ఒరిగిపోయి ఉన్నానట. నాకు గుర్తున్నది సూది కింద ఉన్న గుడ్డ ఒక్కటే. బేకరీ ఆయన పిండి చేతులతోనే మెట్లెక్కి వచ్చి, ముందు మా ఆయన్ని లేపాడట. లేవలేదు. ఒళ్లో ఫోన్ మోగుతోంది, పిల్లి ఆయన్ని తడుముతోంది, ఆయన పెదవులు నీలంగా ఉన్నాయట. ఇద్దర్నీ ఒకే బండిలో తెచ్చారు. పిల్లిని బేకరీ ఆయన పెట్టుకున్నాడు. కోట్ల మీద పిండి అంటింది, దులిపితే పోతుంది.

నాకు కడుపులో పుండు పడి రక్తం కారిందన్నారు. రక్తం ఎక్కించారు. మా ఆయనకి ఊపిరి మరీ నెమ్మదించిందట, దానికి విరుగుడు ఇచ్చారు. ఇప్పుడు మగవాళ్ల వార్డులో ఉన్నాడు. దగ్గుతున్నాడు, అందర్నీ తిడుతున్నాడు, నిద్ర పట్టలేదని నర్సుని సతాయిస్తున్నాడు. ఆ దగ్గు ఇక్కడిదాకా వినపడుతుంటే ఎంత బాగుందో.

ఆ భుజం డాక్టరే వచ్చాడు. ఈసారి తల ఎత్తాడు. తెల్లదే వాపు మందట. గులాబీదే నల్లమందు జాతిదట. "విడదీయమని ఎవరు చెప్పారు?" అన్నాడు. ఎవరూ చెప్పలేదు అన్నాను. "ఎలా విడదీశారు? మా దగ్గర పరికరం పెట్టినా ఇంత శుభ్రంగా రాదు" అన్నాడు. వెటకారమో మెచ్చుకోలో తెలియలేదు. ఇంకొకప్పుడు నా పనిని ఎవరైనా అలా అని ఉంటే, మర్నాటికి వీధంతా చెప్పుకునేదాన్ని. దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను. ఆ దుప్పటి అంచు కుట్టినవాడు ఎవడో గానీ వాడికి కత్తెర పట్టే అర్హత లేదు.

ఒక్క సంగతి. ఇది ఎవరికీ చెప్పలేదు.

బొత్తాల డబ్బాలో గులాబీ ముక్కలు ఇంకా ఉన్నాయి. మొదట్లో నా నడుం మరిపించింది ఏదో ఇప్పుడు నాకు తెలుసు కదా. ఆ జలుబు జలుబు కాదట, ఆ మందు ఉన్నపళంగా ఆగినందుకు ఒళ్లు అడిగిందట. ఇప్పటికీ అడుగుతోంది. నడుం నొప్పి పుట్టినప్పుడల్లా ఆ డబ్బా ఏ అరలో ఉందో గుర్తొస్తుంది. వచ్చే వారం ఇంటికి పంపిస్తారు. మా ఆయన్ని ఇంకొన్నాళ్లు ఉంచుతారు. నేనూ ఆ డబ్బా ఒకే గదిలో ఉంటాం.

నిన్ను రమ్మనడం లేదు. నీకు బస్సు అంటే భయం, మెట్లంటే భయం, మా పిల్లి అంటే కూడా భయం. ఊరికే రాస్తున్నాను.

మరదలు

*

వంటగది బల్ల
జూన్ మొదట్లో

మరదలికి,

రమ్మనడం లేదట! ఎవరు అడిగారు నిన్ను?

డాక్టరు మెచ్చుకున్నాడో వెక్కిరించాడో నాకు తెలుసు, చెప్పను. నీ కళ్లు మళ్లీ నెత్తికెక్కుతాయి. ఆయన కోటు భుజం నువ్వే సరిచేసి ఇవ్వు, ఊరికే. ఆ పని అయ్యేదాకా ఆయన గురించి నీ నోట్లో నుంచి ఒక్క మాట రాకూడదు. గుడ్డకి ఏది పైవైపో ఏది లోవైపో చూసుకోకుండా కత్తెర పెట్టిన పిల్లల చేతుల మీద కొట్టేదానివి. నీ చెయ్యి నా దగ్గరికి తీసుకురా.

డబ్బా సంగతి. అల్లుడు బేకరీ ఆయనతో మాట్లాడాడు. ఆయన మీ గదికి వెళ్లి డబ్బా తీసుకున్నాడు. ఆ ముక్కలు ఆసుపత్రి మందుల గదిలో అప్పగించాడు, బొత్తాలు మాత్రం ఉంచాడు. నీ ప్యాంట్ల స్నేహితుడు చీటీ లేకుండా ఇంకేమైనా ఇస్తే అల్లుడు స్వయంగా వచ్చి ఆయనతో మాట్లాడతాడట. మాట్లాడటం అంటే మా అల్లుడికి అరవడమే. నొప్పి ఎక్కువైతే డాక్టరుకి చెప్పు, దానికి వేరే దారి ఆయన చూపిస్తాడు. ఒళ్లు అడుగుతోందని కూడా చెప్పు. నాకు రాసినట్టే చెప్పు. వాళ్లకి అది కొత్త కాదట, మందుల షాపు పిల్ల చెప్పింది. ఆ పిల్ల మీద నువ్వు రాసిన వెటకారం నేను మర్చిపోలేదు.

డబ్బా పోయినా నీకు భయంగానే ఉంటుంది. ఉండనీ. నువ్వు భయపడటానికి కొత్త, నీకు చేతకాదు. ఎక్కడ కూర్చుని భయపడాలో, ఎప్పుడు లేచి కాస్త నీళ్లు తాగాలో, మనిషిని పక్కన పెట్టుకుని ఎలా భయపడాలో ఏదీ తెలియదు. నాకు ఇన్నేళ్ల అనుభవం. నేర్పుతాను. నువ్వు కుట్టు నేర్పినట్టు చెయ్యి మీద కొట్టను.

అమ్మాయి వద్దంటోంది. నా గుండె దడ గుర్తుచేస్తోంది. బస్సులో కిటికీ పక్క కాకుండా మధ్యలో సీటు చూశాడు అల్లుడు, డ్రైవరు తన స్నేహితుడట, మెల్లగా నడుపుతాడట. మెల్లగా నడిపినా నేను కళ్లు మూసుకునే వస్తాను. సంచీలో నా మందులు, రొట్టె, గొడుగు, ఇంకో గొడుగు. మీ మెట్ల దగ్గర బేకరీ ఆయన నా చెయ్యి పట్టుకుంటానని మాట ఇచ్చాడు. పిల్లిని మాత్రం ఆయన దగ్గరే ఇంకొక్క రోజు ఉంచమను.

మిగిలిన కోట్లకి అంచులు నువ్వు పడుకుని చెప్పు, నేను కుట్టి ఇస్త్రీ చేస్తాను. వంకర పోతాయి. చూసి తిట్టు. ఆ స్టూలు నేను వచ్చేలోపు విరగ్గొట్టించు.

వచ్చేది జూన్ పదిహేను, శనివారం, మధ్యాహ్నం బస్సు.

వదిన